సందేహాలు – సమాధానాలు: ఏ వైరస్‌తో క్యాన్సర్ భయం, దేనితో లేదు?

వైరస్ జ్వరాలు క్యాన్సర్‌కు దారితీస్తాయా అంటూ ఈమధ్య ఉత్తరాలు వరసగా వస్తున్నాయి. ఒక్కొక్కరికీ విడిగా రాసేకంటే ఒకేచోట చెప్పడం మేలనిపించి ఈసారి శీర్షిక మొత్తం దీనికే ఇస్తున్నాను. ఊళ్ల పేర్లు ఉంచి మనుషుల పేర్లు తీసేశాను.

నాకు 67 ఏళ్లు. గతంలో డెంగీ, చికున్‌గున్యా వచ్చాయి. కోవిడ్ రెండుసార్లు సోకింది. ఒంట్లోకి వచ్చిన ఏ వైరసైనా ఎప్పటికైనా క్యాన్సర్‌గా తిరుగుతుందని వాకింగ్‌లో మిత్రులు అంటున్నారు. నిజమేనా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి

మీ మిత్రుల మాటలో కొంత నిజముంది. కాకపోతే అది మీరు చెప్పిన జబ్బులది కాదు. వైరస్‌లలో చుట్టపుచూపుగా వచ్చి నాలుగు రోజులుండి వెళ్లిపోయేవి కొన్ని, వచ్చి తిష్ట వేసేవి కొన్ని. డెంగీ, చికున్‌గున్యా మొదటి రకం. ఒళ్లు గుల్ల చేసి, కీళ్లు పట్టేసి పోతాయి తప్ప ఏళ్ల తరబడి ఒక కణంలో కాపురం పెట్టవు. క్యాన్సర్‌కు కావలసింది ఆ కాపురమే.

వైరస్ క్యాన్సర్ తేగలదని శాస్త్రవేత్తలకు తెలిసి వందేళ్లు దాటింది. 1911లో న్యూయార్క్‌లో పేటన్ రౌస్ ఒక కోడికి లేచిన గడ్డను నూరి, కణమన్నది ఒక్కటీ పోకుండా వడకట్టి, ఆ రసాన్ని మరో కోడికి ఎక్కించారు. దానికీ గడ్డ లేచింది. కోళ్ల సంగతి మనకెందుకన్నట్టు లోకం చాలాకాలం పట్టించుకోలేదు. నోబెల్ ఇచ్చేసరికి 1966 వచ్చింది. అప్పటికి ఆయనకు 87 ఏళ్లు. ఈలోగా 1964లో ఎప్‌స్టీన్, బార్, అచోంగ్ అనే ముగ్గురు ఆఫ్రికా పిల్లల దవడ గడ్డల్లో మనుషుల వైరస్‌నే చూశారు.

మనుషుల్లో క్యాన్సర్ తెస్తాయని గట్టిగా రుజువైన వైరస్‌ల జాబితా చాలా చిన్నది. గర్భసంచి ముఖద్వారానికి హెచ్‌పీవీ, కాలేయానికి హెపటైటిస్-బి, సి వైరస్‌లు, కొన్ని లింఫోమాలకూ ముక్కు వెనక భాగపు క్యాన్సర్‌కూ ఎప్‌స్టీన్-బార్, జపాన్ దక్షిణ ప్రాంతంలో ఎక్కువగా కనిపించే ఒక రక్త క్యాన్సర్‌కు హెచ్‌టీఎల్‌వీ-1, కపోసీ సార్కోమాకు హెర్పిస్ కుటుంబంలోని ఎనిమిదో వైరస్. హెచ్ఐవీ నేరుగా గడ్డ లేపదు. రోగనిరోధక శక్తిని కుంగదీసి మిగతావాటికి దారి వదులుతుంది. 2018లో ప్రపంచమంతటా కొత్తగా వచ్చిన క్యాన్సర్లలో సుమారు 22 లక్షలు, అంటే నూటికి 13, ఇన్ఫెక్షన్ల వల్ల వచ్చినవని అంచనా. వాటిలో అతిపెద్ద వాటా కడుపులో చేరే హెలికోబాక్టర్ పైలోరీది. అది బాక్టీరియా, వైరస్ కాదు. దాని వెనకే హెచ్‌పీవీ ఉంది.

కోవిడ్ సంగతి వేరుగా చెప్పాలి. మామూలు కణాన్ని అది క్యాన్సర్ కణంగా మారుస్తుందన్న రుజువు లేదు. అయితే 2025లో నేచర్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. రొమ్ము క్యాన్సర్ కణాలు ఊపిరితిత్తుల్లో నిద్రాణంగా ఉన్న ఎలుకలకు ఫ్లూ గానీ కోవిడ్ గానీ సోకించినప్పుడు, ఆ కణాలు కొద్ది రోజుల్లోనే లేచి పెరగడం మొదలుపెట్టాయి. ఇన్ఫెక్షన్ వేళ ఒంట్లో పుట్టే ఇంటర్‌ల్యూకిన్-6 అనే పదార్థం ఇందులో ముఖ్యమని తేలింది. బ్రిటన్, అమెరికా రోగుల రికార్డులు చూసినా, ఒకసారి క్యాన్సర్‌కు చికిత్స పొందినవారిలో కోవిడ్ సోకాక ముప్పు పెరిగిన జాడ కనిపించింది. కాబట్టి ఈ వార్త రొమ్ము క్యాన్సర్ చికిత్స ముగించుకున్నవారికి సంబంధించింది. వాళ్లు ఏటా ఫ్లూ టీకా వేయించుకోవాలి, దగ్గుతున్నవారికి దూరంగా ఉండాలి. క్యాన్సరే రాని మీరు వాకింగ్ మానొద్దు. మిత్రులను మార్చాలా అన్నది మీ ఇష్టం.

నా వయసు 38. ఇద్దరు పిల్లలు. తెల్లబట్ట అవుతోందని పరీక్షకు వెళితే హెచ్‌పీవీ పాజిటివ్ అన్నారు. "వైరస్ పట్టింది, రేపు క్యాన్సర్ అవుతుంది, పిల్లలు ఎలాగూ ఉన్నారు కదా, గర్భసంచి తీయించేసుకో" అంటున్నారు. ఆపరేషన్‌కు రోజు కూడా చెప్పారు. మా అక్క, వదిన ఇద్దరూ తీయించుకున్నవాళ్లే. ఏం చేయమంటారు?
– గృహిణి, మిర్యాలగూడ

ముందు ఆ ఆపరేషన్ వాయిదా వేయించండి తల్లీ. కొంపలు మునిగే పనేమీ లేదు. మీ రిపోర్టు చెబుతున్నది ముఖద్వారం దగ్గర వైరస్ ఉందని మాత్రమే. క్యాన్సర్ ఉందని కాదు, క్యాన్సర్‌కు ముందు దశ ఉందని కూడా కాదు. పెళ్లయిన ఆడవాళ్లలో, మగవాళ్లలో అత్యధికులకు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ వైరస్ సోకుతుంది. నూటికి దాదాపు 90 మందిలో రెండేళ్లలోపు శరీరమే దాన్ని తరిమేస్తుంది. వాళ్లకు అది వచ్చిందనీ తెలియదు, పోయిందనీ తెలియదు.

మిగిలిన కొద్దిమందిలో అది పోదు. అందులోనూ 16, 18 రకాలు మొండివి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లలో నూటికి 70 వీటి వల్లే. ఇవి ఏం చేస్తాయో కాస్త చెబుతాను, ఎందుకంటే మీ నిర్ణయానికి అదే ఆధారం. మన కణాల్లో పీ53 అనే ప్రోటీన్ ఉంటుంది. డీఎన్ఏ దెబ్బతిన్న కణాన్ని విభజన చెందకుండా ఆపడం, బాగుపడకపోతే చచ్చిపోయేలా చేయడం దాని పని. వైరస్ తయారుచేసే ఈ6 అనే ప్రోటీన్ ఆ పీ53ని నాశనం చేయిస్తుంది. ఈ7 అనే మరొకటి, విభజనను అదుపులో ఉంచే ఆర్‌బీ ప్రోటీన్‌ను పనికిరాకుండా చేస్తుంది. ఇక ఆ కణానికి అదుపూ ఆజ్ఞా ఉండవు. అయినా గడ్డ మర్నాడే లేవదు. తప్పు మీద తప్పు పోగుపడి క్యాన్సర్‌గా మారడానికి మామూలుగా 15–20 ఏళ్లు పడుతుంది. హెచ్ఐవీకి మందులు వాడనివారిలో మాత్రం ఇంకా తొందరగా రావచ్చు.

ఈ కాలవ్యవధి ఎంతో తెలియడం వెనక ఒక చేదు కథ ఉంది. న్యూజిలాండ్‌లోని ఆక్లండ్‌లో ఒక ఆసుపత్రి వైద్యుడు, ముందు దశ మార్పులు క్యాన్సర్‌గా మారవని నమ్మి, 1960లు, 70లలో కొందరు స్త్రీలకు చికిత్స చేయకుండా చూస్తూ ఊరుకున్నారు. వాళ్లకు ఆ సంగతి చెప్పనే లేదు. తర్వాత లెక్క తీస్తే, సరైన చికిత్స అందనివారిలో 30 ఏళ్లలో నూటికి 31 మందికి క్యాన్సర్ వచ్చింది. మొదట్లోనే మార్పులున్న చిన్న భాగాన్ని తీసేసినవారిలో నూటికి ఒక్కరికి కూడా రాలేదు. వైరస్ సోకి, పోకుండా ఉండి, తీవ్రమైన మార్పుల దాకా వచ్చాక కూడా మూడోవంతు మందిలోనే అది క్యాన్సర్ అయిందని గమనించండి. ఆ మార్పులున్నాయో లేవో మీకు ఇంకా ఎవరూ చూడనే లేదు.

మీకు ఇప్పుడు కావలసింది కాల్పోస్కోపీ. ముఖద్వారానికి పలచని ఎసిటిక్ ఆమ్లం, అంటే మనం వెనిగర్ అంటామే అదే, పూసి భూతద్దంతో చూస్తారు. మార్పు వచ్చిన చోటు తెల్లగా కనిపిస్తుంది. అనుమానముంటే గింజంత ముక్క తీసి పరీక్షకు పంపుతారు. ఏమీ లేకపోతే ఏడాది తర్వాత మళ్లీ పరీక్ష. తీవ్రమైన మార్పులుంటే ఆ మేరకే వేడితో మాడ్చడమో, లీప్ పద్ధతిలో విద్యుత్ తీగతో ఆ భాగాన్ని తీసేయడమో చేస్తారు. సాధారణంగా అదే రోజు ఇంటికి వెళ్లిపోవచ్చు. పెద్ద జిల్లా ఆసుపత్రుల్లో, ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో ఈ సౌకర్యం ఉందేమో వాకబు చేయండి.

గర్భసంచి తీసేసినా వైరస్ యోనిలో మిగిలిపోవచ్చు. అంటే భయపడిన వస్తువును లోపలే ఉంచి అవయవాన్ని పోగొట్టుకున్నట్టు. తెల్లబట్టకు ఎక్కువసార్లు కారణం వేరే ఇన్ఫెక్షన్, మందులతో తగ్గేది. గర్భసంచితోపాటు అండాశయాలు కూడా తీసేస్తే 38 ఏళ్లకే ముట్లుడిగి, ఎముకలూ గుండే దెబ్బతింటాయి.

అక్క, వదిన సంగతి రాశారు. ఆశ్చర్యం లేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురైతే, ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో నూటికి ఎనిమిది మందికి పైనే. మన ఆడవాళ్ల గర్భసంచులకే ప్రత్యేకంగా ఇన్ని రోగాలు రావు. "క్యాన్సర్ అవుతుంది" అన్న ఒక్క మాటతో సంతకం పెట్టించేయడం తేలికైపోయింది.

మా పాపకు 12 ఏళ్లు. హెచ్‌పీవీ టీకా వేయిద్దామంటే మా అత్తగారు ససేమిరా అంటున్నారు. "మన దగ్గరే ఆ సూది వేస్తే పిల్లలు చచ్చిపోయారు" అంటారు. ఆమె మాట కొట్టిపారేయలేకపోతున్నాను.
– ఖమ్మం

కొట్టిపారేయకండి. మీ అత్తగారు గాలికబురు చెప్పడం లేదు. 2009 జులైలో అప్పటి ఖమ్మం జిల్లాలో, తర్వాత గుజరాత్‌లోని వడోదరలో పాత్ అనే అమెరికా సంస్థ, ప్రభుత్వ యంత్రాంగంతో కలిసి 10–14 ఏళ్ల బాలికలకు ఈ టీకా వేయించింది. ఖమ్మంలో సుమారు 14 వేల మందికి వేశారు. వారిలో చాలామంది హాస్టళ్లలో ఉండే గిరిజన పిల్లలు. రెండుచోట్లా కలిపి ఏడుగురు బాలికలు చనిపోయారు. గొడవై, 2010 ఏప్రిల్‌లో కేంద్రం కార్యక్రమాన్ని ఆపేసింది.

విచారణలో ఆ మరణాలకు టీకా కారణం కాదని తేలింది. నీట మునగడం, పాముకాటు, పురుగుమందు తాగడం, మలేరియా లాంటి కారణాలు బయటపడ్డాయి. కానీ అదే విచారణలో ఇంకోటీ తేలింది. తల్లిదండ్రులు పెట్టాల్సిన సంతకాలు చాలాచోట్ల హాస్టల్ వార్డెన్లు పెట్టేశారు. టీకా తర్వాత పిల్లలకు ఏమైనా అయితే గమనించే ఏర్పాటు సరిగా లేదు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దీన్ని తీవ్రంగా తప్పుపట్టింది. ఆ తప్పుపట్టడం న్యాయమే. అడక్కుండా పిల్లలకు సూది వేస్తే ఏ నానమ్మ నమ్ముతుంది?

దీనికో కొసరు కూడా ఉంది. అదే సమయంలో హైదరాబాద్‌తో సహా దేశంలో తొమ్మిది చోట్ల ఈ టీకా మీదే వేరే పరిశోధన నడుస్తోంది. రెండు డోసులు మేలా, మూడా అన్నది దాని ప్రశ్న. 2010 ఏప్రిల్ ఆదేశంతో అదీ ఆగిపోయింది. దాంతో వేల మంది బాలికలు ఒక్క డోసుతోనే మిగిలిపోయారు. పరిశోధకులు వాళ్లను వదిలేయకుండా పదేళ్లు చూశారు. 16, 18 రకాలు వదలకుండా ఉండిపోవడాన్ని ఆ ఒక్క డోసే 95 శాతం ఆపింది. ఒక డోసు సరిపోవచ్చని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పడానికి ఆసరా అయిన రుజువుల్లో మన పిల్లలదీ ఒకటి.

ఇక టీకా పనిచేస్తుందా అంటే, స్వీడన్‌లో 17 ఏళ్లలోపు వేయించుకున్నవారిలో ముఖద్వార క్యాన్సర్ 88 శాతం తగ్గింది. సిక్కిం 2018లోనే బడి ఆడపిల్లల్లో నూటికి 97 మందికి వేసింది. సీరమ్ సంస్థ తయారుచేసిన సర్వావాక్ 2023 నుంచి మన దేశంలోనే దొరుకుతోంది. వైరస్ సోకకముందే వేయాలి కాబట్టి 9–14 ఏళ్ల వయసు మంచిది. ఆ వయసులో మన దేశంలో సాధారణంగా ఆరు నెలల తేడాతో రెండు డోసులు రాస్తున్నారు. వేసిన చోటే పాపను పావుగంట కూర్చోబెట్టండి, కొందరు పిల్లలకు సూది భయంతో కళ్లు తిరుగుతాయి. అత్తగారిని కూడా వెంట తీసుకెళ్లి, డాక్టర్‌ను ఆమెనే అడగమనండి.

నాకు 26 ఏండ్లు. దుబాయ్ పోవుడుకు మెడికల్ చేయించుకుంటే అన్‌ఫిట్ అన్నరు. హెపటైటిస్-బి ఉన్నదట. నాకు ఏ నొప్పీ లేదు, కామెర్లు ఎన్నడూ కాలేదు. ఏజెంటేమో పసరు పోపిస్తే నెలకు పోతది అంటున్నడు. ఇది లివర్ క్యాన్సర్ అయితదా? పెండ్లి సంబంధం కూడా ఆగింది.
– జగిత్యాల జిల్లా

తమ్ముడూ, గల్ఫ్ మెడికల్‌లోనే ఈ సంగతి మొదటిసారి తెలుసుకునేవాళ్లు మీ వైపు చాలామంది ఉన్నారు. ఇది తెలియడమే మీకు జరిగిన మేలు అనుకోండి.

మీకు ఇది ఎక్కువగా పుట్టినప్పుడే సోకి ఉంటుంది. పెద్దయ్యాక ఈ వైరస్ సోకితే నూటికి 95 మందికి పైగా దాన్ని వదిలించుకుంటారు. పుట్టినప్పుడు తల్లి నుంచి వస్తే నూటికి 90 మందిలో ఉండిపోతుంది. అది అమ్మ తప్పు కాదు, ఆమెకూ తెలిసి ఉండదు. హెపటైటిస్-బి టీకాను మన దేశంలోనే చేసి అగ్గువకు ఇచ్చింది హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్, 1997లో. దేశమంతటా పిల్లల టీకాల్లో చేరేసరికి 2011 దాటింది. మీరు ఆ మధ్యలో పుట్టారు. తైవాన్ 1984లోనే పసిపిల్లలకు మొదలుపెట్టింది. పదేళ్లు తిరిగేసరికి అక్కడి పిల్లల్లో కాలేయ క్యాన్సర్ దాదాపు సగానికి పడిపోయింది. ఒక టీకా క్యాన్సర్‌ను ఆపగలదని లోకానికి చూపిన మొదటి ఉదాహరణ అదే.

క్యాన్సర్ అవుతుందా అన్నారు. చిన్నప్పుడే సోకి ఉండిపోయినవారిలో, పట్టించుకోకుండా వదిలేస్తే నూటికి 15 నుంచి 25 మంది చివరికి సిరోసిస్‌తోనో కాలేయ క్యాన్సర్‌తోనో పోతారు. ఎక్కువమందికి ఏమీ కాదు. ఆ ఎక్కువమందిలో ఉండటానికి మీ చేతిలో ఉన్నది చాలానే ఉంది. వైరల్ లోడ్, ఎస్‌జీపీటీ, కడుపు స్కానింగ్ చేయించండి. అందరికీ మందు అక్కర్లేదు. అవసరమైతే టెనోఫోవిర్ రోజుకో గోలీ. 2018లో మొదలైన జాతీయ హెపటైటిస్ కార్యక్రమం కింద పరీక్షా మందూ ఉచితం, పెద్ద సర్కారు దవాఖానలో అడగండి. డాక్టర్ చెప్పిన గడువుకు స్కానింగ్ తప్పించొద్దు. ఈ వైరస్ తన డీఎన్ఏను కాలేయ కణాల్లోకి చొప్పించగలదు కాబట్టి సిరోసిస్ లేకుండానే అరుదుగా గడ్డ లేవచ్చు. హెపటైటిస్-సి అయితే 12 వారాల గోలీలతో నూటికి 95 మందికి పూర్తిగా పోతుంది. బి-కి అలా తుడిచిపెట్టే మందు ఇంకా లేదు, అదుపులో పెట్టే మందు ఉంది.

పసరు జోలికి పోకండి. మామూలు కామెర్లు పసరు పోసినా పోయకున్నా తగ్గేవే. ఆ పేరు పసరుకు వచ్చింది. మీ లివర్‌కు అది అదనపు బరువు. కల్లు, మందు బంద్. బూజు పట్టిన పల్లీలు, మక్కలు తినొద్దు. వాటిలోని అఫ్లాటాక్సిన్‌కు ఈ వైరస్ తోడైతే ముప్పు ఎన్నో రెట్లవుతుంది. అమ్మకు, తోడబుట్టినవాళ్లకు పరీక్ష చేయించండి.

పెళ్లి ఆపుకోవాల్సిన పని లేదు. అమ్మాయికి ముందే చెప్పి, టీకా మూడు డోసులు వేయించి, అది పట్టిందో లేదో రక్తపరీక్షతో చూడాలి. రేపు బిడ్డ పుడితే 24 గంటల్లోపు టీకా పడాలి. ఒకే కంచంలో తింటే ఇది రాదు. రేజర్, బ్రష్షు మాత్రం ఎవరిది వాళ్లకే. దుబాయ్ వైపు నిబంధన మన చేతిలో లేదు, దొంగ సర్టిఫికెట్ ఇప్పిస్తానన్నవాడికి పైసలు పోయకండి.

చిన్నప్పుడు నాకు అమ్మవారు పోసింది. ఇప్పుడు 60 ఏళ్లకు నడుము మీద సర్పి లేచింది. పాత వైరస్ తిరిగి లేచిందని డాక్టరే అన్నారు. ఇది క్యాన్సర్‌కు సూచనా?
– భీమవరం

కాదు. ఇదీ ఒంట్లోనే ఉండిపోయే వైరసే, కానీ నరాల్లో నిద్రపోతుంది, క్యాన్సర్ తేదు. వయసు, షుగర్, నిద్రలేమి దాన్ని లేపుతాయి. పొక్కులు లేచిన మూడు రోజుల్లో ఎసైక్లోవిర్ లాంటి మందు మొదలుపెడితే తర్వాత నెలల తరబడి పీడించే మంట తగ్గవచ్చు.

మా నాయనమ్మ చుట్ట అడ్డపొగ తాగేది. అంగిట్లో పుండు పడి క్యాన్సర్ అన్నారు. నోటి క్యాన్సర్‌కు హెచ్‌పీవీ కారణమని టీవీలో చెప్పారు. ఆమెకు 70 ఏళ్లు, ఆ వైరస్ ఎలా వచ్చింది?
– శ్రీకాకుళం జిల్లా

టీవీలో చెప్పింది అమెరికా లెక్క. అక్కడ నాలుక మొదలు, టాన్సిల్స్ దగ్గర వచ్చే గొంతు క్యాన్సర్లలో ఎక్కువ భాగం హెచ్‌పీవీవే. మన దగ్గర నోటి క్యాన్సర్లకు గుట్కా, ఖైనీ, బీడీ, చుట్ట చాలు. నిప్పున్న కొసను నోట్లో పెట్టుకునే అలవాటు మీ తీరప్రాంతపు ఆడవాళ్లలో ఎక్కువ. ఆ వేడీ పొగా నేరుగా అంగిటికి తగులుతాయి. ఇతర చోట్ల అరుదైన అంగిటి క్యాన్సర్ అక్కడ కనిపించేది అందుకే. మీ నాయనమ్మ విషయంలో వైరస్‌ను వెతికి ఆమెను ఇబ్బంది పెట్టొద్దు. ఇంట్లో ఇంకెవరైనా అడ్డపొగ తాగుతుంటే వాళ్ల నోరు ఈ వారమే దంతవైద్యుడికి చూపించండి. అంగిట్లో తెల్లటి మచ్చలు, వాటి మధ్య ఎర్రటి చుక్కలు ముందుగా కనిపిస్తాయి.

మా అమ్మాయి ఇక్కడ కాలేజీలో చేరిన ఏడాదే "మోనో" వచ్చింది. ఎప్‌స్టీన్-బార్ వైరస్ అన్నారు. నెట్‌లో చూస్తే లింఫోమా అని ఉంది. నిద్ర పట్టడం లేదు.
– డాలస్

పెద్దవాళ్లలో నూటికి 90 మందికి పైగా ఈ వైరస్ ఉంటుంది, మీకూ ఉండే ఉంటుంది. మన ఊళ్లలో పెరిగిన పిల్లలకు పసితనంలోనే వచ్చి, మామూలు జలుబులా పోతుంది. అమెరికాలో ఆలస్యంగా సోకుతుంది కాబట్టి ఇలా గొంతునొప్పి, గడ్డలు, నీరసంతో బయటపడుతుంది. మోనో వచ్చినవారిలో హాడ్జ్‌కిన్ లింఫోమా వచ్చేది సుమారు వెయ్యి మందిలో ఒకరికి. ఇదే వైరస్ ఆఫ్రికాలో మలేరియాతో కలిసి పిల్లలకు బర్కిట్ లింఫోమా తెస్తుంది. దక్షిణ చైనాలో, మన నాగాలాండ్‌లో ముక్కు వెనక క్యాన్సర్ తెస్తుంది. వైరస్ ఒకటే అయినా పక్కన చేరే కారణాలు వేరు. మీ అమ్మాయిని కనీసం నెల రోజులు ఆటలకు దూరంగా ఉంచండి. ప్లీహం వాచి ఉంటే దెబ్బ తగిలినప్పుడు పగిలే ప్రమాదం ఉంది. అదే అసలు జాగ్రత్త. మెడ గడ్డలు రెండు నెలలైనా తగ్గకపోతే చూపించండి.

మా నాన్నగారికి కాలేయ క్యాన్సర్, హెపటైటిస్-బి వల్ల వచ్చిందట. కీమో మొదలైంది. వైరస్ వల్ల వచ్చింది కాబట్టి క్యాన్సర్ కూడా అంటుకుంటుందని బంధువులు ఆయనకు కంచం, గ్లాసు, గది వేరు చేయమంటున్నారు. ఇంట్లో చంటిపిల్ల ఉంది.
– కర్నూలు

క్యాన్సర్ అంటుకోదు. వైరస్ అంటుకోవచ్చు, కానీ రక్తం ద్వారా, తల్లి నుంచి బిడ్డకు, భార్యాభర్తల మధ్య. కంచం ద్వారా కాదు. చంటిపిల్లకు టీకాలన్నీ పడ్డాయా చూసుకుని, మీరంతా పరీక్ష చేయించుకుని, లేనివాళ్లు టీకా వేయించుకోండి. పాపను ఆయన ఒళ్లో కూర్చోబెట్టవచ్చు.

కీమో ఇచ్చిన రెండు రోజులు మాత్రం ఆయన వాంతి, మూత్రం శుభ్రం చేసేటప్పుడు చేతికి తొడుగులు వేసుకోండి, మరుగుదొడ్డిలో రెండుసార్లు నీళ్లు పోయండి. అది వైరస్ కోసం కాదు, మందు కోసం. నిజానికి మీ నుంచే ఆయనను కాపాడాలి. జలుబు ఉన్నవాళ్లు ఆయన దగ్గరికి వెళ్లొద్దు. జ్వరం 100.4 దాటితే మాత్ర వేసి చూద్దామని ఆగకుండా ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్లండి.